టికెట్టు ఉచితమే, మెట్టు సంగతేమిటి?

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు ఆర్‌.టి.సి. బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలయింది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో అదే పథకం వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగరాల్లో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, కండక్టరు సున్నా టికెట్టు కొట్టి చేతిలో పెడతారు. అప్పటినుంచీ ఈ పథకం మీద వేయని జోకు లేదు. పనీపాటా లేని ఆడవాళ్ళు ఊళ్ళమీద పడి తిరుగుతున్నారని, సీట్లకోసం జుట్లు పట్టుకుంటున్నారని, డబ్బులిచ్చిన మగవాళ్ళు నిలబడి పోతున్నారని. ఈ వెక్కిరింతల వెనక వున్నది 'ఆడదానికి బయటేం పని' అన్న పాత ప్రశ్నే. కూలికి పోవడానికి, ఆస్పత్రికి పోవడానికి, పుట్టింటికెళ్ళి తల్లిని ఒకసారి చూసి రావడానికి మొగుడి ముందు చెయ్యి చాచనక్కర్లేకపోవడం చిన్న సంగతి కాదు. ఈ సౌకర్యాన్ని రేపు ఎవరు తీసేస్తామన్నా మనం అడ్డుపడాల్సిందే.

అయితే ఒక విషయం వుంది. సున్నా టికెట్టు ఇచ్చేది బస్సు ఎక్కిన తర్వాత. ఎక్కలేని మనిషికి అది అందదు. చంకకర్రలతో నడిచే స్త్రీ, చక్రాల కుర్చీలో వున్న స్త్రీ, మోకాళ్ళు అరిగిపోయిన ముసలమ్మ, పన్నెండేళ్ళ కొడుకుని చంకనేసుకుని నిలబడ్డ తల్లి, వీళ్ళందరికీ ఛార్జీ ఎంత అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న నేలకీ మొదటి మెట్టుకీ మధ్య వున్న ఎత్తు. ప్రభుత్వాలు రెండో ప్రశ్నకు జవాబిచ్చి మొదటిదాన్ని వదిలేశాయి.

మన పల్లెల్లో తిరిగే బస్సుని ఒకసారి పరిశీలనగా చూడండి. అది మనుషులకోసం పుట్టిన బండి కాదు. లారీకి వాడే లాంటి ఛాసిస్ మీద పైన గది కట్టి, సీట్లు బిగించి, పక్కన ద్వారం కోసినది. ఇంజను, ఇరుసులు అన్నీ కింద వుండటంతో నేల ఎత్తుగా వస్తుంది. ఆ ఎత్తుని మూడు నాలుగు మెట్లలో ఎక్కాలి. మెట్లు ఇరుకు, నిటారు. మొదటి మెట్టు ఒక్కోచోట మోకాలు దాటి వుంటుంది, రోడ్డు పక్క పల్లంగా వుంటే ఇంకా పైకి పోతుంది. పట్టుకోవడానికున్న కడ్డీ అందుకోవాలంటే ముందు ఒక కాలు పైన పెట్టగలగాలి. చీర కట్టుకుని, చంకలో బిడ్డనో చేతిలో మూటనో పెట్టుకుని ఎక్కే ఏ ఆడమనిషికైనా ఇది సుఖమైన పని కాదు. అలవాటు పడిపోయాం కాబట్టి మనకు తెలియడం లేదు.

ఇంకో రకం బస్సు లేదా అంటే వుంది. కేంద్రప్రభుత్వం నగరాల బస్సులకు రూపొందించిన ప్రమాణాల్లోనే లో-ఫ్లోర్ బస్సు నేల ఎత్తు 400 మిల్లీమీటర్లు, సెమీ లో-ఫ్లోర్ అయితే 650 మిల్లీమీటర్లు. లో-ఫ్లోర్ బస్సులో మెట్లు వుండవు. స్టాపులో ఆగినప్పుడు ఎడమపక్క కాస్త కిందికి వంగుతుంది. ద్వారం దగ్గర మడతపెట్టి వున్న పలకను తెరిస్తే ఫుట్‌పాత్ మీదకు ర్యాంపులా పడుతుంది. లోపల చక్రాల కుర్చీ నిలిపి బెల్టుతో బిగించడానికి చోటుంటుంది. 2009లో జె.ఎన్‌.ఎన్‌.యు.ఆర్‌.ఎం. కింద నగరాలకు బస్సులు కొనడానికి కేంద్రం డబ్బిచ్చినప్పటినుంచీ ఇవి దేశంలో తిరుగుతూనే వున్నాయి. అంటే ఇది అమెరికా ముచ్చట కాదు.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. అందులో స్త్రీలు 1 కోటి 18 లక్షలు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల 66 వేలమంది వికలాంగులుంటే స్త్రీలు పది లక్షల పైచిలుకు. ఇవి తక్కువ చేసి చూపిన అంకెలు. ఆనాడు లెక్కించింది ఎనిమిది రకాల వైకల్యాలనే. 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. పైగా పెళ్ళి కావలసిన ఆడపిల్లకు వినికిడి తక్కువనో మూర్ఛ వుందనో లెక్కలు రాసుకునేవాళ్ళకు చెప్పే కుటుంబాలెన్ని?

ఇంతమంది వుంటే బస్టాండులో కనిపించరేం అని అడుగుతారు. కనిపించకపోవడమే జవాబు. ఇంట్లో వికలాంగుడైన కొడుకుంటే ఎలాగో అప్పోసప్పో చేసి మూడు చక్రాల బండి కొనిస్తారు, వాడు ఎక్కడో ఒకచోట కూర్చుని సెల్ రిపేరో కిళ్ళీకొట్టో పెట్టుకుంటాడు. కూతురయితే 'నువ్వెక్కడికి పోతావమ్మా, ఇంట్లో వుండు, మేం చూసుకుంటాం' అంటారు. ప్రేమతోనే అంటారు. ఆ ప్రేమ ఆమెను బడి మానిపిస్తుంది, కాలేజీ ఊసు ఎత్తనివ్వదు, ముప్పయ్యేళ్ళు వచ్చేసరికి అన్నావదినల ఇంట్లో వెనకగదిలో కూర్చోబెడుతుంది. బడి దూరమైతే మామూలు ఆడపిల్లే చదువు మానేస్తుందని మనం ఎన్నో ఊళ్ళలో చూశాం. బడి దూరమై, బస్సు ఎక్కలేకపోతే ఇక చెప్పేదేముంది?

ఇక్కడ 'సాయం' అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. బస్సు ఎక్కలేని స్త్రీని ఎక్కించడానికి మన రవాణా వ్యవస్థ దగ్గరున్న ఏకైక పరికరం మగవాడి చేతులు. కింద ఒకరు నడుం పట్టుకుని ఎత్తుతారు, పైనుంచి మరొకరు చంకల కింద చేతులేసి లాగుతారు. పైట జారిపోతుంది. కర్రలు ఎవరో లోపలికి విసిరేస్తారు. బస్సంతా కళ్ళప్పగించి చూస్తుంది. ఆ చేతుల్లో చాలావరకు నిజంగా సాయం చేసేవే, కాదనను. కానీ ఏ చెయ్యి ఎక్కడ పడిందో ఆమెకు తెలుసు. నోరు తెరిస్తే 'పోనీ పాపమని ఎక్కిస్తే నిందలా' అంటారు. రేపు ఎవరూ ఎక్కించరు కూడా. బస్సుల్లో ఆడవాళ్ళ మీద చేతులు వేయడం గురించి మనం దశాబ్దాలుగా మాట్లాడుతున్నాం, కేసులు పెడుతున్నాం. అక్కడ కనీసం చెయ్యి విదిలించుకోవడానికి, పక్కకు జరగడానికి, చెప్పు తీయడానికి వీలుంటుంది. ఇక్కడ ముట్టుకునేవాడికి అందరి అనుమతీ వుంది, ఆమెది తప్ప.

ముంబయికి చెందిన విరాళి మోదీ అనే యువతి 2017లో ఈ సంగతి బాహాటంగా చెప్పింది. చక్రాల కుర్చీలో తిరిగే ఆమెను రైలు ఎక్కించేటప్పుడు పోర్టర్లు అసభ్యంగా తాకారు. ఒకసారి కాదు, మూడుసార్లు. రైళ్ళను వికలాంగులు తమంతట తాము ఎక్కగలిగేలా చేయమని ఆమె అర్జీ పెడితే వేలమంది సంతకాలు చేశారు. ఆ యేడాదే ఎర్నాకుళం స్టేషనులో మడతపెట్టే ర్యాంపు, పెట్టె నడవలో పట్టే చిన్న చక్రాల కుర్చీ వచ్చాయి. ఈ ఉదంతంలో మనం గమనించవలసినది ఒకటుంది. ఆమె అడిగింది పోర్టర్లకు శిక్ష కాదు, పోర్టర్లతో పనిలేని రైలు. స్త్రీల భద్రత అనగానే కెమెరాలు, హెల్ప్‌లైన్ నంబర్లు, పోలీసు గస్తీ గుర్తుకొచ్చే మన ప్రభుత్వాలకు ఒక పలక, ఒక వాలు కూడా భద్రతేనని ఎప్పుడు తట్టుతుందో!

చూపులేని స్త్రీ సమస్య మరోలా వుంటుంది. మెట్లు ఎక్కగలదు. ఏ బస్సు వచ్చిందో తెలియదు. బస్సు ముందు బోర్డు వుంది, నంబరు వుంది, అన్నీ చూసి చదవవలసినవే. కాబట్టి స్టాపులో వచ్చిన ప్రతి బస్సుకీ పక్కవాళ్ళను అడగాలి. సాయంత్రం ఏడు దాటాక, స్టాపులో ఒక్క మగవాడే వున్నప్పుడు, 'ఇది ఎక్కడికెళ్ళే బస్సండీ' అని అడగడమంటే తాను ఎక్కడికి పోతోందో, చూపు లేదో, ఒంటరిగా వుందో అన్నీ అతనికి చెప్పుకోవడమే. దిగవలసిన చోటు కూడా ఎవరో చెప్పాలి. హైదరాబాదు మెట్రో రైల్లో ప్రతి స్టేషను పేరూ ముందుగానే మైకులో వినిపిస్తుంది, పలక మీద కనిపిస్తుంది, అంటే చూపులేనివాళ్ళకూ వినికిడి లేనివాళ్ళకూ పనికొస్తుంది. 2017 నవంబరులో మొదలైన ఆ మెట్రోలో లిఫ్టులు, నేలమీద కాలికి తగిలే గీతల పలకలు మొదటినుంచీ వున్నాయి. అంటే కొత్తగా కట్టేటప్పుడు ఇదంతా చేయవచ్చునని మనవాళ్ళకు తెలుసు. కానీ మెట్రో స్టేషను దాకా రావాలి కదా. ఇంటినుంచి స్టేషనుకు మధ్యనున్న ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరు, బజ్జీల బండి, నిలిపిన స్కూటర్లు. లేదా అసలు ఫుట్‌పాతే లేదు.

బస్టాండుల్లో ఆడవాళ్ళ బాత్రూముల గురించి మన పత్రికలు రాసి రాసి విసిగిపోయాయి. అక్కడ వికలాంగురాలి పరిస్థితి ఊహించండి. ద్వారం దగ్గర గడప, ఆ తర్వాత రెండు మెట్లు, తడి నేల, చక్రాల కుర్చీ పట్టని తలుపు, పట్టుకోవడానికి కడ్డీ లేదు, కూర్చుంటే లేవలేని దొడ్డి. దీనికి ఆడవాళ్ళు కనిపెట్టుకున్న ఉపాయం మనందరికీ తెలిసిందే. బయలుదేరే ముందు రాత్రినుంచే నీళ్ళు తాగడం మానేస్తారు. బహిష్టు రోజుల్లో ప్రయాణమే మానుకుంటారు. పరీక్ష ఆ రోజే పడితే? ఉద్యోగం ఇంటర్వ్యూ ఆ రోజే అయితే?

తల్లుల గురించి కూడా చెప్పాలి. సెరిబ్రల్ పాల్సీ వున్న పిల్లల్ని భవిత కేంద్రానికి, ఫిజియోథెరపీకి మోసుకెళ్ళేది దాదాపు ఎప్పుడూ తల్లులే. బిడ్డ మూడేళ్ళప్పుడు చంకనెత్తుకుని ఎక్కుతారు. ఎనిమిదేళ్ళప్పుడు వీపు మీద. పన్నెండేళ్ళు వచ్చేసరికి తల్లి నడుం పోతుంది, బిడ్డ ఇంటిపట్టున వుండిపోతుంది. ఆ బిడ్డ ఆడపిల్లయితే మోసుకెళ్ళే ఓపిక ఇంకా ముందే అయిపోతుంది, ఇంట్లోవాళ్ళు అయిపోనిస్తారు.

వైకల్యం వుందని సర్టిఫికెట్టు కావాలంటే సదరం క్యాంపుకు వెళ్ళాలి. క్యాంపు జరిగేది ఆస్పత్రిలో, ఆస్పత్రి వుండేది పట్టణంలో. నడవలేదని నిరూపించుకోవడానికి అంతదూరం బస్సెక్కి రావాలన్నమాట. సర్టిఫికెట్టు వచ్చాక పింఛను వస్తుంది. 2023లో తెలంగాణలో దాన్ని 4,016 రూపాయలు చేశారు, 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 6,000 చేశారు. మంచిదే. కానీ బస్సు ఎక్కలేని మనిషి ఎక్కడికి కదలాలన్నా ఆటో మాట్లాడుకోవాలి. ఆస్పత్రికి రెండుసార్లు, బ్యాంకుకి ఒకసారి పోయి రండి, ఆ పింఛనులో ఏం మిగులుతుందో లెక్క వేయండి. ఒళ్ళు బాగున్న స్త్రీ ప్రయాణం ఉచితం. ఒళ్ళు బాగాలేని స్త్రీ ప్రయాణానికి ఊళ్ళో అందరికంటే ఎక్కువ ఖర్చు.

మధ్యలో ఒక మాట. ఈ వ్యాసంలో 'వికలాంగులు' అనే రాస్తున్నాను. 2015 చివర్లో ప్రధానమంత్రి సూచించిన 'దివ్యాంగులు' అనే మాట ఇప్పుడు ప్రభుత్వ కాగితాలన్నిటా వుంది. నాకది మింగుడు పడదు. మనుషుల్ని హరిజనులనీ, గృహలక్ష్ములనీ పిలిచి పూజించి, ఆ తర్వాత వాళ్ళకివ్వాల్సింది ఇవ్వకపోవడం మన దేశంలో పాత విద్య. ఏ వికలాంగుల సంఘమూ మాలో దైవాంశ వుందని దరఖాస్తు పెట్టుకోలేదు. మెట్టు దించమన్నాయి.

ఇక చట్టం సంగతి. చట్టాలు లేక ఈ దుస్థితి వచ్చిందనుకుంటే పొరపాటు. 1995లో వికలాంగుల చట్టం వచ్చింది. దాని 44వ సెక్షన్ బస్సుల్ని, రైలు పెట్టెల్ని వికలాంగులు ఎక్కగలిగేలా మార్చమంది. కానీ 'ఆర్థిక స్తోమతకు లోబడి' అని ఒక తోక తగిలించింది. ఆ తోక పట్టుకుని ఇరవయ్యేళ్ళు గడిపేశారు. 2007లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని మనదేశం ఆమోదించింది. అందులో 9వ అధికరణం రవాణా గురించి, 6వది ప్రత్యేకించి వికలాంగ స్త్రీల గురించి. దానికనుగుణంగా 2016లో కొత్త చట్టం చేసి 2017 ఏప్రిల్ 19నుంచి అమల్లోకి తెచ్చారు. 41వ సెక్షన్ బస్‌స్టాపులు, రైల్వేస్టేషన్లలో పార్కింగు, మరుగుదొడ్లు, టికెట్టు కౌంటర్లు అన్నీ వికలాంగులకు అనువుగా వుండాలంటుంది. పాత వాహనాలను కూడా మార్చాలంటుంది. అక్కడ మళ్ళీ తోక వుంది: సాంకేతికంగా వీలైతే, ఆర్థికంగా గిట్టుబాటైతే, డిజైనులో పెద్ద మార్పులు అవసరం లేకపోతే. ఇన్ని 'అయితే'లు దాటుకుని వచ్చే బస్సు ఎప్పటికొస్తుంది!

అయినా ఈ చట్టంలో గడువులున్నాయి. నియమాలు ప్రకటించింది 2017 జూన్ 15న. అప్పటినుంచి ఐదేళ్ళలో పాత ప్రభుత్వ భవనాలన్నీ, రెండేళ్ళలో ప్రజలకు సేవలందించే సంస్థలన్నీ వికలాంగులకు అనువుగా మారాలి. బస్టాండు కూడా ప్రజలు వాడుకునే భవనమే. ఆ గడువు 2022 జూన్‌తో తీరిపోయింది. 2019 డిసెంబరులో మోటారు వాహనాల నియమాలను సవరించి, 2020 మార్చి 1నుంచి బస్సుల్లో వికలాంగులకు ప్రత్యేక సీట్లు, కర్రలు పెట్టుకునే ఏర్పాటు, పట్టుకునే కడ్డీలు, చక్రాల కుర్చీ లోపలికొచ్చి బిగించి వుంచే చోటు వుండాలన్నారు. మీ ఊరి బస్సులో వీటిలో ఏవున్నాయో చూడండి. డ్రైవరు వెనక సీటు మీద 'వికలాంగులకు' అన్న అక్షరాలు వుండొచ్చు, రంగు పోకపోతే. ఉచిత ప్రయాణం వచ్చాక రద్దీ పెరిగి ఆ సీటు కూడా దక్కడం లేదు. అందులో కూర్చున్నది తరచూ మరొక స్త్రీయే.

2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రాటూరి కేసులో ఇచ్చిన తీర్పు మన కార్యకర్తలందరూ చదవవలసినది. చూపులేని ఆయన వేసిన వ్యాజ్యం మీద 2017లోనే కోర్టు ఆదేశాలిచ్చింది. అవి ఎంతవరకు అమలయ్యాయో పరిశీలించి నివేదిక ఇమ్మని హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వికలాంగుల అధ్యయన కేంద్రాన్ని కోరింది. నివేదిక చూశాక కోర్టు తేల్చిందేమంటే, చట్టం తప్పనిసరి అన్నదాన్ని 2017 నియమాల్లోని 15(1) వట్టి సలహాగా మార్చేసిందని. ఆ నియమం చెల్లదంది. ఎట్టి పరిస్థితిలోనూ పాటించి తీరవలసిన కనీస ప్రమాణాలను విడిగా నిర్ణయించి మూడు నెలల్లో నియమాలు చేయమని కేంద్రాన్ని ఆదేశించింది. పాటించనివాళ్ళకు చట్టంలో వున్న జరిమానాలు వేయమని కూడా అంది. ఇన్నాళ్ళూ ఏ అధికారి దగ్గరకు పోయినా 'అది మార్గదర్శకమేనమ్మా' అని పంపించేవాడు. ఆ మాట ఇక చెల్లదు.

కోర్టుల మీద నాకు అమితమైన నమ్మకం ఏమీ లేదు. 2012లో కోల్‌కతాలో జీజా ఘోష్ అనే హక్కుల కార్యకర్తను, ఆమెకు సెరిబ్రల్ పాల్సీ వుందని, ఎక్కి కూర్చున్న విమానంనుంచి దించేశారు. ఆమె పోరాడింది, 2016లో సుప్రీంకోర్టు పది లక్షల పరిహారం ఇప్పించింది. గొప్ప తీర్పే. కానీ విమానంనుంచి దించితే కేసు అవుతుంది, చంకకర్రల మనిషిని చూసి బస్సు ఆపకుండా పోతే అది దుమ్ము కిందే లెక్క. నంబరు రాసుకునేలోపు మలుపు తిరిగిపోతుంది. అందుకే ఈ పని ఒక్కొక్క కేసుగా కాక, బస్సు కొనే దగ్గరే పట్టుకోవాలి.

ఇప్పుడు ఆ సమయమే వచ్చింది. రెండు రాష్ట్రాల్లోనూ డీజిల్ బస్సుల స్థానంలో ఎలక్ట్రిక్ బస్సులు వస్తున్నాయి. పి.ఎం. ఈ-డ్రైవ్ పథకం కింద 2025లో ఒక్క హైదరాబాదుకే 2,000 బస్సులు కేటాయించారు. బస్సు ఒకసారి కొంటే పది పన్నెండేళ్ళు రోడ్డు మీద వుంటుంది. మెట్ల బస్సు కొంటే ఆ పదీ పన్నెండేళ్ళూ పోయినట్టే. ఈ రోజు ఆరో తరగతి చదువుతున్న వికలాంగ బాలిక డిగ్రీ పూర్తిచేసే వయసు దాటిపోతుంది. తర్వాత ర్యాంపు అతికించడం గోడ కట్టేశాక కిటికీ పెట్టడం లాంటిది. ఎలక్ట్రిక్ బస్సు కాలుష్యం లేనిదని పత్రికల్లో ఫోటోలు వేస్తారు. ఆ ఫోటోలో ద్వారం దగ్గర ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టడం మన పని.

ఖర్చు ఎక్కువ అంటారు. ఎక్కువే. లో-ఫ్లోర్ బస్సుకు రోడ్డు బాగుండాలి, గతుకుల్లో అడుగు తగులుతుంది, పల్లె దారుల్లో నడవదు అంటారు. ఇందులోనూ నిజం వుంది. అయితే పల్లె బస్సుకు మొదటి మెట్టు తగ్గించవచ్చు, రెండువైపులా కడ్డీలు పెట్టవచ్చు, బస్టాండు ప్లాట్‌ఫారాన్ని బస్సు ద్వారం ఎత్తుకు దగ్గరగా కట్టవచ్చు, అవసరమైనప్పుడు వేసుకునే మడత పలక ఒకటి ప్రతి బస్టాండులో వుంచవచ్చు. వీటికి విదేశీ పరిజ్ఞానం అక్కర్లేదు, ఊళ్ళో వెల్డింగు షాపువాడు చేస్తాడు. ఇక నగరాల్లో రోడ్డు బాగా లేదన్న సాకు ఎవరికి ఎవరు చెబుతున్నట్టు? రోడ్డు వేసేదీ ప్రభుత్వమే. 'ర్యాంపు పెట్టినా ఎక్కేవాళ్ళు ఎవరున్నారు' అన్నది మరో వాదన. ఆడపిల్లలు చదువుకోవడం లేదు కాబట్టి ఆడపిల్లల బడి అక్కర్లేదన్న వాదన ఒకప్పుడు విన్నదే. పైగా మెట్లు లేని బస్సు వికలాంగులకొక్కరికే కాదు. కడుపుతో వున్నవాళ్ళు, ఆపరేషనయి వచ్చినవాళ్ళు, కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని రైతుబజారుకు పోయేవాళ్ళు, అందరూ అందులోనే తొందరగా ఎక్కుతారు, తొందరగా దిగుతారు.

డ్రైవర్లు, కండక్టర్లు కర్కశులన్న మాట నేను ఒప్పుకోను. ఫలానా సమయానికి ఫలానా చోట వుండాలి, డీజిలు ఇంతకు మించి కాలకూడదు, బస్సులో కాలు పెట్టే సందు లేదు. అలాంటప్పుడు చక్రాల కుర్చీ కోసం మూడు నిమిషాలు ఆగమంటే ఆ మూడు నిమిషాలకు సంజాయిషీ చెప్పుకోవలసింది ఆ డ్రైవరే. ఆ నిమిషాలను షెడ్యూలులో కలపవలసింది యాజమాన్యం. కండక్టర్లలో చాలామంది స్త్రీలే. డ్యూటీ మధ్యలో బాత్రూముకు పోయే వీల్లేక వాళ్ళూ నీళ్ళు మానేస్తున్నారు. ఈ రెండు సమస్యలు ఒకే బస్టాండులో వున్నాయి, అడగవలసింది కలిసి.

ఇతర చోట్ల ఈ సౌకర్యాలు పాలకులకు దయ పుట్టి రాలేదు. అమెరికాలోని డెన్వర్ నగరంలో 1978 జూలైలో 19 మంది వికలాంగులు చక్రాల కుర్చీలతో నడిరోడ్డు మీద బస్సుల్ని చుట్టుముట్టి రాత్రంతా అక్కడే వున్నారు. అంతదూరం అక్కర్లేదు, చెన్నై చూడండి. వైష్ణవి జయకుమార్ వంటి కార్యకర్తలు వికలాంగులు ఎక్కలేని బస్సులు కొనవద్దని మద్రాసు హైకోర్టులో యేళ్ళ తరబడి పోరాడారు. 2024 ఆగస్టులో అక్కడి నగర రవాణా సంస్థ కొత్త లో-ఫ్లోర్ బస్సుల్ని రోడ్డెక్కించింది. అన్ని రూట్లలోనూ కాదు. కానీ కొనేటప్పుడు ఇక ఆ ప్రశ్న తప్పించుకోలేరు.

మన రాష్ట్రాల్లోనూ వికలాంగుల హక్కుల జాతీయ వేదిక వంటి సంఘాలు పింఛను కోసం, రిజర్వేషన్ల కోసం, బస్సుల కోసం ధర్నాలు చేస్తూనే వున్నాయి. ఆ ధర్నాల్లో మహిళా సంఘాల బ్యానర్లు అరుదు. భారత స్త్రీవాదం వికలాంగ స్త్రీని తన లెక్కలోకి తీసుకోలేదని అనితా ఘాయ్ బతికినన్నాళ్ళూ వాదించింది. 2024లో ఆమె చనిపోయింది. స్వయంగా చక్రాల కుర్చీలో తిరుగుతూ ఢిల్లీలో పాఠాలు చెప్పిన ఆ పరిశోధకురాలి వాదనకు బస్సు కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఉచిత బస్సు ఆడవాళ్ళ సమస్య, ర్యాంపు వికలాంగుల సమస్య అని ఇద్దరు వేరువేరు అధికారులకు వేరువేరు వినతిపత్రాలు ఇచ్చినంతకాలం రెండూ కలిసిన మనిషి ఏ వినతిపత్రంలోనూ వుండదు.

ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగే మిత్రులకు ఒక సూచన. మీ మండలంలో బస్టాండు వుంటుంది. అక్కడికి ఒక ఉదయం వికలాంగ స్త్రీలు ముగ్గురు నలుగురిని తీసుకెళ్ళండి. చూపులేని ఒకరు, కర్రలతో నడిచే ఒకరు, చక్రాల కుర్చీలో ఒకరు. వాళ్ళు చెబుతుంటే మీరు రాసుకోండి, మీరు చెప్పొద్దు. టేపు తీసుకెళ్ళి మొదటి మెట్టు ఎత్తు కొలవండి, బాత్రూము తలుపు వెడల్పు కొలవండి. ర్యాంపు వుంటే దాని వాలు చూడండి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవుండాలన్నది ప్రమాణం. చాలాచోట్ల పేరుకు కట్టిన ర్యాంపులు స్కూటరు ఎక్కించడానికి తప్ప దేనికీ పనికిరావు. ఆ కొలతలతో డిపో మేనేజరుకు ఒక కాగితం, రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఒక కాగితం పెట్టండి. సాక్షుల్ని పిలిపించడంలో, కాగితాలు తెప్పించడంలో కమిషనరుకు సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. వాటిని వాడమని అడగాలి.

రెండోది సమాచార హక్కు దరఖాస్తు. 2020 మార్చి తర్వాత కొన్నవి, అద్దెకు తీసుకున్నవి ఎన్ని బస్సులు? వాటిలో చక్రాల కుర్చీ ఎక్కే ఏర్పాటున్నవి ఎన్ని, ఏ డిపోలో, ఏ రూటులో? ఇప్పుడు రాబోయే ఎలక్ట్రిక్ బస్సుల నేల ఎత్తు ఎంత అని ఒప్పందంలో రాసుకున్నారు? ఆ ఒప్పందం ప్రతి కావాలి. 2022 జూన్ నాటికి వికలాంగులకు అనువుగా మార్చిన బస్టాండుల జాబితా కావాలి. తెలుగులో రాయవచ్చు. రుసుము పది రూపాయలు. జవాబివ్వడానికి వాళ్ళకున్న గడువు ముప్పై రోజులు.